మా ఇంటి ఆడవాళ్ళు బయటికొచ్చిన తీరు



మే నెల మిట్టమధ్యాహ్నం హనుమకొండ చౌరస్తాలో కాసేపు నిలబడి, స్కూటీల మీద పోయే ఆడపిల్లల్ని చూడండి. చున్నీని తల చుట్టూ తిప్పి, ముక్కు మీదుగా లాగి, చెవి వెనక దోపుకుంటారు. పైన చలువ కళ్ళద్దాలు, చేతులకు మోచేతుల దాకా తొడుగులు. కన్నతల్లి ఎదురొచ్చినా గుర్తుపట్టలేదు. అందులో ఎవరు లక్ష్మో, ఎవరు మేరీయో, ఎవరు ఫాతిమాయో చెప్పడం ఎవరి తరమూ కాదు. ఆ పిల్లల్ని ఆపి "ఇది నీకెవరు కట్టారు? మీ నాన్నా? మీ ఆయనా?" అని ఎవరూ అడగరు. ఎండకు కట్టుకున్నారు, అంతే. అదే పిల్ల కాలేజీలో బండి పెట్టినాక కూడా తల మీది గుడ్డ తీయలేదనుకోండి, అప్పుడు మొదలవుతాయి ప్రశ్నలు. ఎండకు కట్టుకున్న గుడ్డకు అక్కర్లేని సంజాయిషీ, దేవుడికని కట్టుకున్న గుడ్డకు కావాల్సి వస్తుంది.

ఆ ప్రశ్నలన్నీ నన్నూ అడిగారు. నేను పుట్టి పెరిగింది వరంగల్‌లోనే. జూనియర్ కాలేజీ పిల్లలకు వృక్షశాస్త్రం చెబుతాను. ముప్ఫై దాటినాక, పెళ్ళయి ఇద్దరు పిల్లలు పుట్టినాక హిజాబ్ వేసుకోవడం మొదలుపెట్టాను. హిజాబ్ అంటే బుర్ఖా కాదు. బుర్ఖా ఒళ్ళంతా కప్పుతుంది, నఖాబ్ ముఖాన్ని కప్పుతుంది. నేను వేసుకునేది తలనూ మెడనూ కప్పి ముఖాన్ని వదిలేసే స్కార్ఫు. ఈ తేడా తెలియక మా వీధిలో ఒక పెద్దమనిషి "మేడమ్ గారు బుర్ఖాలకు దిగిండ్రంట గదా" అన్నాడు. నేనేదో మెట్టు దిగినట్టే ఉంది ఆయన మాట.

దిగానా ఎక్కానా అన్నది తేలాలంటే ముందు మా ఇంటి ఆడవాళ్ళ సంగతి చెప్పాలి.

మా దాదీది, అంటే నాన్నమ్మది, పరకాల వైపు పల్లె. ఆమె బతికినంతకాలం చీరే కట్టింది. గోచీ పెట్టి కట్టిన ఆ చీరతోనే నాట్లు వేసింది, పత్తి ఏరింది. అజాన్ వినపడితే మాత్రం, చేతిలో ఎంత పని ఉన్నా, కొంగు నెత్తి మీదికి వచ్చేది. చేతులకు బురద ఉంటే మోచేత్తోనే కొంగును పైకి తోసుకునేది. ఊరంతా ఆమెను బూబమ్మ అనేవాళ్ళు. ఆమెకు బుర్ఖా లేదు, ఉన్నా తొడుక్కునేది కాదు. మడికట్లో వంగి పనిచేసే మనిషికి అది ఎట్లా కుదురుతుంది? తెలంగాణ పల్లెల్లో కూలికి పోయే ముస్లిం ఆడవాళ్ళు చాలామంది అట్లాగే ఉండేవాళ్ళు. వాళ్ళ దీనుకు, అంటే మతధర్మానికి, ఏ లోటూ వచ్చిందని ఎవరూ అనలేదు.

మా నానీది, అంటే అమ్మమ్మది, వరంగల్ మండిబజారు. ఆమె కథ వేరు. తాతకు దుకాణం ఉంది, ఇంట్లో పనిమనిషి ఉంది, కాబట్టి ఇంట్లో పరదా కూడా ఉంది. నానీ దవాఖానకు పోవాలన్నా, కాజీపేట దర్గాకు ఉర్సుకు పోవాలన్నా రిక్షాకు గుడ్డ కట్టేవాళ్ళు. ఆ గుడ్డ సందులోంచి ఆమె ఊరు చూసింది. కాబట్టి పరదా అన్నది అప్పట్లో భక్తికి ఎంత గుర్తో, బయటికి పోకపోయినా పొయ్యి వెలుగుతుందన్న దానికి అంత గుర్తు. ఈ సంగతి మా మతపెద్దలూ చెప్పరు, మమ్మల్ని ఉద్ధరిద్దామని వచ్చేవాళ్ళూ చెప్పరు.

ఆ పరదాలోంచి బయటికి వచ్చిన వాళ్ళు మన నేల మీద చాలామంది ఉన్నారు. హైదరాబాద్‌లో సుగ్రా హుమాయూన్ మీర్జా ఉర్దూలో రాసింది, పత్రిక నడిపింది, ఆడపిల్లల కోసం 1934లో సఫ్దరియా బడి పెట్టింది. పరదా వదిలి సభల్లో మాట్లాడిన తొలితరం హైదరాబాదీ ముస్లిం మహిళల్లో ఆమె ఒకరు. జమాలున్నీసా బాజీ, ఆమె చెల్లెలు రజియా బేగం కమ్యూనిస్టు ఉద్యమంలోకి వెళ్ళారు. స్త్రీశక్తి సంఘటన అనే మహిళల బృందం వాళ్ళు 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' పుస్తకంలో వీళ్ళిద్దరూ కనిపిస్తారు. మాసూమా బేగం ఆంధ్రప్రదేశ్‌లో మంత్రి దాకా వెళ్ళింది. వీళ్ళ కాలంలో బయటికి రావాలంటే ముసుగు తీయాల్సి వచ్చింది. బయట ఆడదానికి చోటు లేని ఇళ్ళల్లో ఆ ముసుగే తాళం.

మా అమ్మీ తరం మధ్యలో పడింది. చీర కట్టింది, కుట్టుమిషను నడిపింది, పెళ్ళిళ్ళకు పోయేటప్పుడు మాత్రం పైన చాదర్ కప్పుకునేది. ఆ తర్వాత మా చుట్టాల్లో మగవాళ్ళు దుబాయికి, జెడ్డాకు, కువైట్‌కు పోవడం మొదలుపెట్టారు. సెలవులకు వచ్చేటప్పుడు సూట్‌కేసులో అబాయాలు తెచ్చారు. చూస్తుండగానే మండిబజారులో నల్ల అబాయాలు వేలాడదీసిన దుకాణాలు వరసగా వెలిశాయి. కొందరు భక్తికి తొడుక్కున్నారు, కొందరు పక్కింటామె తొడుక్కుందని తొడుక్కున్నారు. లోపల పాత చీర ఉన్నా ఎవరికీ కనిపించదన్న వెసులుబాటు కోసం తొడుక్కున్నవాళ్ళూ ఉన్నారు. పేదింటి ఆడవాళ్ళకు అది చిన్న వెసులుబాటేమీ కాదు.

ఇక నా సంగతి. నాకేమీ కల రాలేదు, ఏ హజ్రతూ వచ్చి చెప్పలేదు. తెలుగు మీడియంలో చదివినదాన్ని. ఇంట్లో ఉర్దూ మాట్లాడతాం గానీ చదవడం అంతంతమాత్రం. అరబ్బీ అయితే అక్షరాలు పలకడమే తప్ప అర్థం తెలియదు. ఒక రంజాన్ నెలలో, తెల్లవారకముందు తినే సహరీ అయ్యాక మళ్ళీ నిద్రపట్టక, ఇంట్లో ఉన్న తెలుగు ఖుర్ఆన్ తీశాను. తెలుగులోకి మొదట ఖుర్ఆన్ తెచ్చింది అనంతపురం కాలేజీలో పాఠాలు చెప్పిన చిలుకూరి నారాయణరావుగారు, 1930లో. నేను చదివింది తర్వాత వచ్చిన వేరే అనువాదం. అయినా ఆ దారి వేసింది ఒక తెలుగు పంతులుగారన్న సంగతి నాకు భలే ఇష్టం.

ముప్ఫై రోజుల్లో ముప్ఫై భాగాలు పూర్తి చేద్దామనుకున్నాను. ఇరవైనాలుగో అధ్యాయం నూర్ దగ్గర ఆగిపోయాను. ఆడవాళ్ళు తమ పైటలను ఎదమీద వేసుకోవాలన్న ఆయతు, అంటే వాక్యం, ముప్ఫై ఒకటోది. దానికి ముందున్న ముప్ఫయ్యో ఆయతు మగవాళ్ళకు. చూపు దించుకోండి, శీలం కాపాడుకోండి అని మొదటి మాట వాళ్ళకే చెప్పింది. చిన్నప్పటి నుంచి బయానుల్లో, అంటే మత ప్రసంగాల్లో, ముప్ఫై ఒకటి గురించి వందసార్లు విన్నాను. ముప్ఫై గురించి విన్నట్టు గుర్తులేదు. ఆ రాత్రి నాకు కోపం వచ్చింది, నవ్వూ వచ్చింది. ఎవరి వాటా వాళ్ళు పాటించాలి గదా, వాళ్ళు ఎగ్గొట్టినా నా వాటా నేను పాటిద్దామని కూడా అనిపించింది. హిజాబ్ తప్పనిసరి అని మతపండితులైన ఆలిముల్లో ఎక్కువమంది అంటారు. కాదనే వాళ్ళూ ఉన్నారు. ఆ చర్చ తేల్చే చదువు నాకు లేదు. నాకు మటుకు వేసుకోవాలనిపించింది.

అనిపించడానికీ వేసుకోవడానికీ మధ్య చాలా కాలం పట్టింది. భయం దేవుడి గురించి కాదు, స్టాఫ్ రూము గురించి.

మా వారికి చెబితే "నీ ఇష్టం" అన్నారు. మా అత్త మురిసిపోయి దుఆలు ఇచ్చింది. మా అబ్బా, అంటే నాన్న, మాత్రం నా ముఖం కేసి చూడకుండా పేపరు చదువుకుంటూ కూర్చున్నాడు. ఆయన ఆజంజాహి మిల్లు కార్మికుడు. నిజాం కాలంలో 1934లో పెట్టిన మిల్లు అది, వరంగల్‌లో సగం పేటలు దాని మీదే బతికాయి. మిల్లు గేటు ముందు ఎర్రజెండా పట్టుకుని నిలబడ్డ మనిషి ఆయన. కూతురిని సైన్సు చదివించాలని ఓవర్‌టైములు చేశాడు. చివరికి పేపరు మడిచి "ఇంత చదివిచ్చింది గిందుకేనా బిడ్డా?" అన్నాడు. "చదివిచ్చినవు కాబట్టే చదివి చూసిన అబ్బా" అన్నాను. ఆ జవాబు ఆయనకు నచ్చలేదు. పోయేదాకా ఒప్పుకోలేదు కూడా. కానీ నేను బండి దిగి లోపలికి రాగానే "గింత ఎండల గా గుడ్డేందో, నెత్తి ఉడికిపోతది" అని సణుగుతూ మజ్జిగ గ్లాసు చేతికిచ్చేవాడు.

అమ్మీ మాట మాత్రం నేను ఎన్నడూ మరిచిపోను. "వేసుకుంటే వేసుకో. కానీ ఒక్కసారి వేసుకున్నంక రేపు తీస్తనంటే ఊకోరు, చూడు" అంది. నిజమే. వేసుకునే స్వేచ్ఛ గురించి ఉపన్యాసాలు విన్నాను. తీసేసే స్వేచ్ఛ గురించి మాట్లాడినవాళ్ళలో నాకు తెలిసి మా అమ్మీ ఒక్కతే. వేసుకున్న పిల్లను వీధి మెచ్చుకుంటుంది, కారణం అడగదు. తీసేసిన పిల్లను వీధంతా కారణం అడుగుతుంది. ఈ రెండింటిలో ఏ ఒక్కటి లేకపోయినా దాన్ని ఇష్టం అనలేం.

మండిబజారులో స్కార్ఫులు కొనడానికి పోతే అదొక పెద్ద విద్యని తెలిసింది. దుకాణంలో ఆపా, అంటే అక్క, నన్ను కూర్చోబెట్టి వరసగా పరిచింది. షిఫాన్ అందంగా ఉంటుంది, తల మీద నిలవదు. జార్జెట్ నిలుస్తుంది, ఉడకబోస్తుంది. కాటన్ చల్లగా ఉంటుంది, మధ్యాహ్నానికి నలిగి పాత ఇస్తరాకులా తయారవుతుంది. జెర్సీ గుడ్డ సాగుతుంది, పిన్నులు అక్కర్లేదు. లోపల ఒక టోపీలాంటిది వేసుకుంటే జుట్టు బయటికి రాదు. అన్నిటికంటే పెద్ద పరీక్ష హెల్మెట్. నున్నటి గుడ్డ మీద హెల్మెట్ పెడితే బ్రేకు వేసినప్పుడల్లా కళ్ళ మీదికి జారుతుంది. చెవి పక్కన పెట్టిన పిన్ను హెల్మెట్ ఒత్తిడికి నెత్తికి గుచ్చుకుంటుంది. కాబట్టి బండి నడిపేవాళ్ళు జెర్సీయో కాటనో వేసుకోవాలి, పిన్ను పెట్టుకుంటే గడ్డం కింద పెట్టుకోవాలి. ఇదంతా ఏ మౌలానా చెప్పలేదు, దుకాణం ఆపా చెప్పింది.

ల్యాబులో ఇంకో చిక్కు. వేళ్ళాడే కొసలు స్పిరిట్ దీపం దగ్గర ప్రమాదం. మా కెమిస్ట్రీ సారు మొహమాటపడుతూ చెప్పారు, "మేడమ్, ఏమీ అనుకోకండి, మంటతో పని గదా" అని. ఏమనుకుంటాను, ఆయన చెప్పింది నా మంచికే. కొసలు కోటు లోపలికి దోపి గుండీలు పెట్టుకున్నాను, అయిపోయింది. మాట్లాడుకుంటే పిన్నుతో తీరే పనులు చాలా ఉన్నాయి. 2023లో తిరువనంతపురం మెడికల్ కాలేజీలో ఏడుగురు అమ్మాయిలు ఆపరేషన్ థియేటర్‌లో తల కప్పే సర్జికల్ హుడ్డులు, పొడుగు చేతుల జాకెట్లు వేసుకోనివ్వండని ప్రిన్సిపాల్‌కు ఉత్తరం రాశారు. మోచేతుల దాకా కడుక్కోవాల్సిన చోట పొడుగు చేతులు ఎట్లా అన్నది డాక్టర్ల సందేహం. అది న్యాయమైన సందేహమే. ఆ అమ్మాయిలు అడిగిన తీరూ న్యాయమైనదే. రోగి మేలు ముందు పెట్టుకుని వాదించుకుంటే ఇటువంటివి తేలతాయి, టీవీ స్టూడియోలో తేలవు.

మొదటిరోజు క్లాసులో పిల్లలు ఒక నిమిషం నిశ్శబ్దంగా చూశారు. వెనక బెంచీ అబ్బాయి లేచి "మేడమ్, రికార్డులు ఇయ్యాల్నే దిద్దుతరా?" అన్నాడు. పిల్లలకు నా తల కంటే వాళ్ళ మార్కులు ముఖ్యం. పెద్దవాళ్ళతోనే కష్టమైంది. అప్పటిదాకా నేను వృక్షశాస్త్రం మేడమ్‌ని. మర్నాటి నుంచి ప్రపంచంలో ఎక్కడ ఏ ముస్లిం ఏం చేసినా దానికి జవాబుదారీ నేనే. కాబూల్‌లో ఆడపిల్లల బడులు మూస్తే నన్ను అడిగారు. 2022 సెప్టెంబరులో ఇరాన్‌లో తలగుడ్డ సరిగ్గా లేదని పట్టుకుపోయిన మహసా అమీని అనే అమ్మాయి పోలీసుల చేతుల్లో ఉండగా చనిపోతే నన్ను అడిగారు. ఆ పిల్ల కోసం నేనూ ఏడ్చాను. తల కప్పుకున్నదాన్ని కాబట్టే ఎక్కువ ఏడ్చాను. నేను ఇష్టపడి చేసే పనిని అక్కడ లాఠీ పట్టుకుని చేయించారు.

మార్పు అంటే నేను అనుకున్నది ఒకటి, నాకు ఎదురైంది ఇంకొకటి. ఐదు పూటలా నమాజు అలవాటవుతుంది, తెల్లవారుజామున ఫజర్ నమాజుకు లేవడానికి ఒళ్ళుబద్ధకం, అదీ అలవాటవుతుంది. అలవాటు కానిది నోరు. ఇంటర్వెల్‌లో చాయ్ తాగుతూ, ఆ గదిలో లేని మనిషి గురించి మాట్లాడుకోవడంలో ఉన్న రుచి మీ అందరికీ తెలుసు. మా స్టాఫ్ రూములో ఆ విద్యలో నాకు మంచి పేరే ఉండేది. స్కార్ఫు కట్టుకున్న కొత్తలో ఒకరోజు ఎవరి చీర గురించో, ఆమె ఆడపడుచు గురించో మంచి ఊపులో చెబుతున్నాను. తెలుగు మేడమ్, మా సరోజక్క, నా వైపు తిరిగి "అట్ల గుడ్డ కట్టుకుని ఇట్ల మాట్లాడొచ్చా తల్లీ?" అంది. హాస్యానికే అంది. అందరం నవ్వాం. నాకు మాత్రం ఆ సాయంత్రం చాయ్ దిగలేదు. నలభైతొమ్మిదో అధ్యాయం హుజురాత్‌లో, ఎదుట లేని మనిషిని ఆడిపోసుకోవడాన్ని చచ్చిన తోబుట్టువు మాంసం తినడంతో పోల్చింది ఖుర్ఆన్. గీబత్ అంటాం మేము. తల కప్పుకోవడానికి నాకు పట్టేది నాలుగు నిమిషాలు. ఈ గీబత్ మానడం ఇప్పటికీ సగం పనే. సరోజక్క ముందు మానతాను, ఫోన్లో చెల్లెలితో మాత్రం మానలేను.

ఈ సందర్భంలో మా ఇళ్ళల్లో మగవాళ్ళతో ఒక మాట. తప్పకుండా వింటున్నారనే అనుకుంటున్నాను. బిడ్డ తల మీద చున్నీ జారితే మీకు దీను గుర్తొస్తుంది. మంచిదే. పెళ్ళిలో జోడా పైసలు తీసుకునేటప్పుడు కూడా గుర్తు రావాలి గదా! దీనులో పెళ్ళికొడుకు ఇయ్యాల్సింది మహర్, పెళ్ళికూతురి తండ్రి ఇయ్యాల్సింది ఏమీ లేదు. మనం మహర్‌ను కాగితం మీద రాసి, బండినీ ఫ్రిజ్జునూ చేతిలో పుచ్చుకుంటున్నాం. తండ్రి ఆస్తిలో కూతురికి వాటా ఉందని నాలుగో అధ్యాయం నిసాలో లెక్కతో సహా ఉంది. ఎంతమంది అన్నదమ్ములు చెల్లెలికి ఆ లెక్క కట్టి ఇచ్చారు? మీటరున్నర గుడ్డ దగ్గర ఇంత గట్టిగా ఉండేవాళ్ళం రెండు గుంటల జాగా దగ్గర ఎందుకు మెత్తబడతాం? షాజహానా 2005లో 'నఖాబ్' అని కవితల పుస్తకం తెచ్చారు. ముసుగులో ఉక్కపోత గురించి తెలుగులో ఒక ముస్లిం స్త్రీ నిలదీసి రాసిన పుస్తకం. నేను హిజాబ్ వేసుకున్న తర్వాతే దాన్ని చదివాను. నన్ను తిట్టినట్టు అనిపించలేదు. ఆమె నిలదీసిన వాళ్ళనే నేనూ నిలదీస్తున్నాను, తల కప్పుకుని.

ఇక కాలేజీ గేట్ల దగ్గరి సంగతి. 2021 చివర్లో ఉడుపిలో ప్రభుత్వ కాలేజీ అమ్మాయిలతో మొదలైన హిజాబ్ గొడవ మీకు గుర్తుండే ఉంటుంది. 2022 ఫిబ్రవరి 5న కర్ణాటక ప్రభుత్వం యూనిఫామే వేసుకురావాలని ఉత్తర్వు ఇచ్చింది. మార్చి 15న ఆ రాష్ట్ర హైకోర్టు, హిజాబ్ ఇస్లాంలో తప్పనిసరి ఆచారం కాదంటూ ఆ ఉత్తర్వును నిలబెట్టింది. అక్టోబరు 13న సుప్రీంకోర్టులో ఇద్దరు జడ్జీలు రెండు తీర్పులు ఇచ్చారు. జస్టిస్ హేమంత్ గుప్తా అమ్మాయిల అప్పీళ్ళు కొట్టేశారు, జస్టిస్ సుధాంశు ధూలియా అమ్మాయిల వైపు నిలిచారు. విషయం పెద్ద బెంచీకి పోయింది. 2024 ఆగస్టులో ముంబైలో ఒక కాలేజీ హిజాబ్ వద్దంటే, అదే సుప్రీంకోర్టు ఆ నిషేధంలో కొంతభాగం ఆపుతూ, మరి బొట్టు పెట్టుకుంటే కూడా వద్దంటారా అని అడిగింది.

నేను లాయర్ని కాదు. ధూలియాగారు పట్టుకున్న విషయం మాత్రం నా మనసుకు ఎక్కింది. ఇది తప్పనిసరి ఆచారమా కాదా అన్న మతచర్చలోకి పోవాల్సిన పనే లేదన్నారాయన. మన దేశంలో ఒక ఆడపిల్ల బడికి రావడానికే ఎన్నో కష్టాలు దాటాలి, ఆ పిల్ల బతుకును మనం ఇంకా కష్టం చేస్తున్నామా అన్నదే ఆయన ముందు పెట్టుకున్న ప్రశ్న. వరంగల్ చుట్టుపక్కల మండలాల నుంచి బస్సుల్లో వచ్చే మా పిల్లలకు అది బాగా తెలుసు. కొన్ని ఇళ్ళల్లో "హిజాబ్ వేసుకుంటేనే కాలేజీకి" అంటారు, కొన్ని గేట్ల దగ్గర "హిజాబ్ తీస్తేనే లోపలికి" అంటారు. రెండు మాటల మధ్య ఆగిపోయేది ఆ పిల్ల డిగ్రీ. ఈమధ్య నా పాత విద్యార్థిని ఒకామె ఇంటర్వ్యూకు వెళ్ళింది. ఊరూ పేరూ చెప్పను. పాఠం చెప్పించుకుని, చాలా బాగా చెప్పావమ్మా అని, ఆ స్కార్ఫు ఒక్కటి తీసేస్తే సోమవారం నుంచే చేరమన్నారట. ఆ పిల్ల చేరలేదు. ఇప్పుడు ఇంట్లో ట్యూషన్లు చెబుతోంది, సగం జీతానికి. మా దాదీకి బురదలో పని ఇచ్చినవాళ్ళు ఆమె కొంగు గురించి అడగలేదు.

అట్లాగని హిజాబ్ వేసుకోని మా పిల్లలు తక్కువవాళ్ళని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. నిజామాబాద్ బిడ్డ నిఖత్ జరీన్ 2022 మేలో ఇస్తాంబుల్‌లో బాక్సింగ్ ప్రపంచ ఛాంపియన్ అయింది. ఆ మరుసటేడు ఢిల్లీలో మళ్ళీ గెలిచింది. గెలిచి వచ్చిన అమ్మాయిని పంచ్ గురించి అడగాల్సింది పోయి హిజాబ్ గురించి అడిగారు. ఎవరి ఇష్టం వాళ్ళది, నా బట్టలు నాకు ఇష్టం, మా ఇంట్లోవాళ్ళకు అభ్యంతరం లేదు అని చెప్పి ఊరుకుంది. ఇటువైపు హైదరాబాద్ పాతబస్తీలో బేకరీ కార్మికుడి కూతురు సయ్యదా సల్వా ఫాతిమా హిజాబ్‌తోనే పైలట్ అయింది. ఒకరు గ్లవ్స్‌తో, ఒకరు విమానంతో బయటికొచ్చారు. మా ఇంట్లో మా పెద్దమ్మాయి ఇంకా హిజాబ్ వేసుకోలేదు. చుట్టాలు నన్నే అడుగుతారు, "నువ్వు వేసుకుని బిడ్డకు చెప్పవా?" అని. దానికి ముప్ఫై, ముప్ఫై ఒకటి రెండు ఆయతులూ చదివి వినిపించాను. దాని తమ్ముడికి ముప్ఫయ్యోది రెండుసార్లు వినిపించాను. ఆ తర్వాత నిర్ణయం వాళ్ళది.

చివరగా, ఈ ఏడాది నీట్ రాయబోయే పిల్లలకూ వాళ్ళ తల్లిదండ్రులకూ ఒక్క పని చెప్పి ముగిస్తాను. ఏటా మా దగ్గర చదివిన అమ్మాయిల్లో ఒకరిద్దరు హిజాబ్ తీయమన్నారని పరీక్ష కేంద్రం గేటు దగ్గరే కళ్ళనీళ్ళు పెట్టుకుంటారు. పరీక్ష హాల్లో వణుకుతున్న చేతులతో పేపరు అందుకుంటారు. నిజానికి నిబంధనల్లో హిజాబ్‌కు చోటు ఉంది. మతపరమైన దుస్తులు వేసుకునేవాళ్ళు తనిఖీ కోసం ముందుగా రావాలని నేషనల్ టెస్టింగ్ ఏజెన్సీ బులెటిన్‌లోనే రాస్తుంది. అమ్మాయిలను మూసిన గదిలో, మహిళా సిబ్బందే తనిఖీ చేయాలని కూడా అందులోనే ఉంటుంది. ఆ పేజీ ప్రింటు తీసి నాన్నగారి జేబులో పెట్టండి. ఇనుప పిన్నులు వద్దు, డిటెక్టర్ కూస్తుంది. తల మీంచి ఒక్కసారిగా వేసుకుని తీసే జెర్సీ స్కార్ఫు వేసుకోండి, తనిఖీ గదిలో అర నిమిషంలో పని అయిపోతుంది. కేంద్రాల్లో డ్యూటీ చేసే అక్కలు, చెల్లెళ్ళు ఆ గదిని ముందే సిద్ధం చేసి పెట్టండి, ఒక తలుపూ ఒక కుర్చీ చాలు. పరీక్ష మధ్యాహ్నం రెండింటికైతే గేటు ఒకటిన్నరకు మూస్తారు. వేళలు ఈ ఏటి బులెటిన్‌లో మరోసారి చూసుకుని, హిజాబ్ వేసుకునే పిల్లలు పన్నెండున్నరకల్లా గేటు దగ్గర ఉండండి.